ఎయిర్‌పోర్టు భద్రతకు మొదటి రూపాయి పాస్ సెక్షన్ మీద పెట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నువ్వు వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఇప్పుడు తలుపులకు కార్డు రీడర్లు, కెమెరాలు బిగించే కంపెనీలో పనిచేస్తున్నానన్నావు. మామునూరు ఎయిర్‌పోర్టు మళ్లీ లేస్తోంది కాబట్టి, అలాంటి చిన్న ఎయిర్‌పోర్టులో లోపలికి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అన్న కట్టడి ఎక్కడ మొదలుపెట్టాలి, అన్ని తలుపులకూ ముఖం గుర్తుపట్టే మెషీన్లు పెడితే సరిపోదా అని అడిగావు.

నేను ఎయిర్‌పోర్టులకు కాపలా కాసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా ఎయిర్‌పోర్టుల్లోనే గడిచింది. ఇప్పుడు కాజీపేటలో ఉంటున్నాను. మామునూరు మీద నాకు మమకారం ఎక్కువ. నిజాం కాలంలో కట్టిన ఆ రన్‌వే 1981 నుంచి ఖాళీగా పడి ఉంటే, చిన్నప్పుడు దాని పక్కనుంచి సైకిల్ మీద వెళ్తూ ఇక్కడ మళ్లీ విమానం ఎప్పుడు దిగుతుందో అనుకునేవాణ్ని. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చిందని విన్నరోజు ఇంట్లో అందరికీ మిఠాయి తెచ్చాను. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను.

మెషీన్లు వద్దని అనను. కానీ మొదటి రూపాయి నా చేతిలో పెడితే దాన్ని మెషీన్ మీద పెట్టను, పాస్ సెక్షన్ మీద, అంటే సిబ్బందికి లోపలికి వెళ్లే కార్డులు ఇచ్చి లెక్క చూసే విభాగం మీద పెడతాను. ఎందుకో చెప్తాను.

ఎయిర్‌పోర్టు భద్రత అనగానే అందరికీ ప్రయాణికుడే గుర్తొస్తాడు. బెల్టు తీయడం, బ్యాగు ఎక్స్‌రేలో పెట్టడం, డోర్ ఫ్రేమ్ దాటడం. ప్రయాణికుడు మహా అయితే నెలకోసారి ఆ గేటు దాటుతాడు, దాటినప్పుడల్లా వాణ్ని తడిమి చూస్తాం. అదే లోడరు, క్లీనింగ్ చేసే ఆమె, ఫ్యూయల్ ట్యాంకర్ డ్రైవరు, క్యాంటీన్ కుర్రాడు, ఏసీ మెకానిక్, రన్‌వే పక్కన గడ్డి కోసే కూలీ రోజుకు నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతారు. వాళ్లు తిరిగే దారి వేరు, తలుపులు వేరు. విమానం చక్రం దగ్గరికి నడుచుకుంటూ వెళ్లగలిగేది వాళ్లే. వాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది కష్టం చేసుకుని బతికే మంచివాళ్లు. ఆ మిగిలిన ఒక్కడి కోసమే మన పనంతా.

1987 డిసెంబర్ 7న అమెరికాలో పీఎస్ఏ 1771 అనే విమానం కూలి, అందులో ఉన్న 43 మందీ చనిపోయారు. ఉద్యోగంలోంచి తీసేసిన ఒక మనిషి, తనను తీసేసిన అధికారి ఎక్కిన విమానంలోకే తుపాకీతో ఎక్కాడు. ఉద్యోగం పోయింది గానీ గుర్తింపు కార్డు వాడి దగ్గరే ఉండిపోయింది. దాన్ని చూపించి, తనిఖీ లేకుండా సిబ్బంది దారిలో లోపలికి వెళ్లిపోయాడు. అక్కడ గోడ సరిగానే ఉంది, తాళాలూ సరిగానే ఉన్నాయి. కార్డు వెనక్కి తీసుకోలేదు, అంతే. ఉద్యోగం పోయిన క్షణంలోనే కార్డు కూడా పోవాలన్న పద్ధతి గట్టిపడింది ఆ దుర్ఘటన తర్వాతే.

మన దగ్గర ఆ కార్డును ఏఈపీ అంటారు, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పర్మిట్. బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ, అంటే బీసీఏఎస్, దీనికి నియమాలు పెడుతుంది. పోలీసు వెరిఫికేషన్ లేకుండా కార్డు రాదు. ఎవరు ఏ ప్రాంతం దాకా వెళ్లొచ్చో కార్డు మీదే అక్షరాల్లో ఉంటుంది. రాతలో అంతా పక్కాగానే ఉంది. గట్టు తెగేది కార్డు ఇచ్చేటప్పుడు కాదు, ఇచ్చిన తర్వాత.

నా సర్వీసులో ఒక ఎయిర్‌పోర్టులో జరిగింది చెప్తాను, పేరు అవసరం లేదు. ఒక కాంట్రాక్టరు మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ తెప్పించి, పాసుల రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాం. పని మానేసి నెలలు దాటినవాళ్ల కార్డులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆ కార్డులు ఎక్కడున్నాయని అడిగితే సూపర్‌వైజర్ తన టేబుల్ సొరుగు తీసి చూపించాడు. రబ్బరు బ్యాండు వేసి ఒక కట్ట. కొత్త కుర్రాళ్లు వస్తే పాసు వచ్చేదాకా పని ఆగకూడదని దాచాడట. వాడికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ కట్టలో ఒక కార్డుతో, మానేసినవాడి బాబాయి కొడుకు వారం రోజులు ఏప్రాన్ మీద, అంటే విమానాలు ఆగే చోట, సామాను మోశాడు. ముఖం పోలిక ఉంది, తెల్లవారుజామున నాలుగున్నర షిఫ్టు, నెత్తిన మంకీ క్యాప్. గేటు దగ్గర మా మనిషే చూసి పంపించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు మంచివాడు కాబట్టి ఏమీ కాలేదు, మా పని మేము సరిగా చేయబట్టి కాదు.

అందుకే పాస్ సెక్షన్‌లో ఇద్దరు గుమాస్తాలను పెట్టి వదిలేయకూడదంటాను. వారానికి ఒకసారి ప్రతి ఏజెన్సీ జీతాల లిస్టు, పాసుల లిస్టు ఎదురెదురుగా పెట్టి చూడాలి. తిరిగి ఇవ్వని ప్రతి కార్డుకూ కాంట్రాక్టరు బిల్లులో కోత పడాలి. ఈ ఒక్క పనితో కార్డులు వాటంతట అవే నడిచొస్తాయి, నేను చూశాను. నువ్వు సిస్టమ్ బిగించేవాడివి కాబట్టి నీ వైపు నుంచి ఒకటి చెయ్యి. పది, పదిహేను రోజులు వాడని కార్డు దానంతట అదే ఆగిపోయేలా పెట్టు. లీవు నుంచి వచ్చినవాడు పాస్ సెక్షన్‌కు వచ్చి, తానే అని చూపించుకుని మళ్లీ తెరిపించుకుంటాడు. వాడికి పది నిమిషాల చిరాకు, మనకు సంవత్సరమంతా నిశ్చింత.

ఇక కార్డు నిజమైనదే, మనిషీ వాడే, అయినా ప్రమాదం ఉంటుంది. 2018 ఆగస్టులో సియాటిల్‌లో గ్రౌండ్ స్టాఫ్ ఒకడు, డ్యూటీ కార్డు ఉన్నవాడే, ఖాళీగా ఆగి ఉన్న విమానాన్ని తీసుకుని గాల్లోకి లేచాడు. గంటకు పైగా తిరిగి ఒక దీవి మీద కూలి చనిపోయాడు. 2016 ఫిబ్రవరిలో మొగదిషులో, తనిఖీ దాటిన ఒక ప్రయాణికుడికి బాంబు ఉన్న ల్యాప్‌టాప్‌ను ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లే చేతికిచ్చినట్లు కెమెరాల్లో కనిపించింది. విమానం గాల్లో ఉండగా పేలింది. తెచ్చినవాడే పోయాడు, పైలట్ విమానాన్ని వెనక్కి తిప్పి దించాడు. ఈ రెండింటి నుంచీ నేను తీసుకునేది ఒకటే. లోపలికి రావడానికి అనుమతి ఉంది కదా అని లోపల అంతటా తిరగడానికి అనుమతి ఉన్నట్లు కాదు. చిన్న ఎయిర్‌పోర్టులో మనుషులు తక్కువ, కాబట్టి అందరికీ అన్ని ప్రాంతాల పాసు ఇచ్చేయాలని ఒత్తిడి వస్తుంది. ఇవ్వొద్దు. సిబ్బందినీ వాళ్ల సంచులనూ ప్రయాణికుల లాగే తనిఖీ చేయాలి. వంటగది కత్తులు, మెకానిక్ స్పానర్లు లోపలికి వెళ్లేటప్పుడు రాసుకుని, బయటికి వచ్చేటప్పుడు లెక్క చూసుకోవాలి. రాత్రి పార్క్ చేసిన విమానం దగ్గరికి ఒక్కడే వెళ్లే పరిస్థితి ఉండకూడదు.

ఇప్పుడు మన ఊరి సంగతి. తలుపు దగ్గర అసలు కష్టం ఇదే, ఏ మెషీనూ దీన్ని తీర్చదు.

మన దగ్గర వెనకొచ్చేవాడి కోసం తలుపు పట్టుకోవడం మర్యాద. పెద్దాయన వస్తుంటే కార్డు చూపించమనడం అమర్యాద. “ఏంది బిడ్డా, నన్ను గుర్తుపట్టలేదా?” అంటే మన కుర్రాడు తలదించుకుంటాడు. వరంగల్ లాంటి ఊళ్లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే గార్డు, లోడరు, మెకానిక్ ముగ్గురూ ఒకే బస్తీవాళ్లై ఉంటారు. ఒకడు వేలు పెట్టి తలుపు తీస్తే వెనక నలుగురు వెళ్తారు. పైగా లీడర్ల వెంట వచ్చేవాళ్లు. పాసు ఒక్కరికే ఉంటుంది, ఎనిమిది మంది నడుస్తారు, ఆపినవాడికి సాయంత్రానికల్లా ఫోన్ వస్తుంది.

దీనికి మందు రెండు వైపుల నుంచి వేయాలి. ఒకటి, ముఖ్యమైన తలుపులకు ఒక్కొక్కరే పట్టే రెండు తలుపుల అరలు పెట్టాలి. మొదటిది మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. అప్పుడు ఆపేది గార్డు కాదు, తలుపు. గార్డుకు మొహమాటం ఉండదు, అవతలివాడికి అవమానం ఉండదు. రెండోది, ఇంకా ముఖ్యమైనది. ఆపిన గార్డు పక్కన పెద్ద ఆఫీసరు నిలబడాలి. నాకు ఒక మంచి కమాండర్ ఉండేవాడు. కావాలనే కార్డు జేబులో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేవాడు. ఆపిన కానిస్టేబుల్‌కు మరుసటి రోజు బ్రీఫింగ్‌లో అందరి ముందూ షేక్‌హ్యాండ్ ఇచ్చేవాడు. ఆపనివాణ్ని తిట్టేవాడు కాదు, పక్కకు పిలిచి మాట్లాడేవాడు. మూడు నెలల్లో ఆ యూనిట్ నడక మారిపోయింది. “సార్, మీ కార్డు కనిపించేలా పెట్టుకోండి” అన్న ఒక్క మాట తడబడకుండా అనడం నేర్పాలి. అది కూడా ట్రైనింగే. అద్దం ముందు నిలబెట్టి అనిపించినా తప్పులేదు.

ఫైర్ డోర్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నీలాంటి ఇంజనీర్లే అక్కడ ఇరుక్కుంటారు. టెర్మినల్ నుంచి ఎయిర్‌సైడ్‌కు, అంటే విమానాలు తిరిగే లోపలి వైపుకు, తెరుచుకునే అత్యవసర తలుపులు ఉంటాయి. మంట వస్తే అవి తెరుచుకోవాలి, మిగతా సమయంలో ఎవరూ తీయకూడదు. భద్రత పేరుతో గొలుసు వేసి తాళం పెట్టిన చోట్లు చూశాను. అది నేరం, పొగలో జనం తలుపు దగ్గర కుప్పకూలతారు. తలుపు నెట్టగానే గట్టిగా అలారం మోగాలి, ఆ తలుపు మీదికి కెమెరా తిరగాలి, దగ్గరలో ఉన్న మనిషి పరుగెత్తాలి. సిగరెట్ కాల్చుకోవడానికి సిబ్బంది ఆ తలుపుకు ఇటుక అడ్డంపెట్టి బయటికి వెళ్తుంటారు. ఇటుక కనిపించినచోట నోటీసు అంటిస్తే పని కాదు. వాళ్లకు సిగరెట్‌కో, గాలికో వేరే చోటు చూపించాలి.

గోడ గురించి. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్ హోసే ఎయిర్‌పోర్టులో పదిహేనేళ్ల పిల్లవాడు కంచె ఎక్కి దిగి, ఒక విమానం చక్రాల గూటిలో దాక్కుని, ఐదు గంటలకు పైగా సముద్రం మీద ప్రయాణించి హవాయిలో బతికి దిగాడు. లోపల ఒక మనిషి విమానం వైపు నడవడం కెమెరాలో రికార్డయింది. ఆ క్షణంలో దాన్ని చూసి కదిలినవాడు లేడు. కెమెరాల సంఖ్య చెప్పి గొప్పలు పోయేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ పిల్లవాడి సంగతే చెప్తాను.

కంచెకు సెన్సార్లు పెట్టే పద్ధతి ఉంది, నీకు తెలిసే ఉంటుంది. మన ప్రాంతంలో వాటికి పెద్ద శత్రువు టెర్రరిస్టు కాదు, కోతులు. తెల్లారగానే మంద గోడ మీద నడుస్తుంది, అలారం మోగుతుంది. రాత్రి కుక్కలు, పందులు. గాలివానకు తుమ్మకొమ్మ తగిలితే అలారం. షిఫ్టుకు వంద మోగితే నూట ఒకటోది మోగినప్పుడు ఎవడు లేస్తాడు? చివరికి ఎవడో సెన్సార్ చెవులు మూసేస్తాడు, అంటే సెన్సిటివిటీ తగ్గించేస్తాడు. రికార్డులో మాత్రం సిస్టమ్ పనిచేస్తున్నట్లే ఉంటుంది. కాబట్టి అలారం మోగగానే ఆ చోటి కెమెరా బొమ్మ దానంతట అదే తెర మీదికి రావాలి, చూసినవాడు ఎందుకు మోగిందో ఒక్క ముక్క రాయాలి. నెలాఖరుకు ఆ పుస్తకం చూస్తే ఏ చెట్టు కొట్టాలో, ఏ చెత్తకుప్ప తీయాలో తెలుస్తుంది. ఆఫీసరు సంతకం లేకుండా సెన్సిటివిటీ ముట్టుకోకూడదు.

గోడ కింద తూములు మరిచిపోవద్దు. 2023 జులైలో వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూశాం కదా. అంత నీళ్లు రన్‌వే మీద నిలబడకుండా పోవాలంటే పెద్ద తూములు కావాలి. మనిషి పట్టేంత తూముకు ఇనుప ఊచల జాలి ఉంటుంది. వానకు ఆ జాలికి చెత్త పట్టుకుంటుంది, నీళ్లు ఎదురుతంతాయి, అర్ధరాత్రి ఎవడో జాలి తీసేస్తాడు. నేను పనిచేసిన ఒకచోట అలా తీసిన జాలి పన్నెండు రోజుల తర్వాత పెట్రోలింగ్‌లో కనిపించింది, గడ్డిలో పడి ఉంది. లోపలి వైపు నుంచి మాత్రమే తెరిచి శుభ్రం చేసుకునేలా, తాళం ఉండేలా జాలి డిజైన్ చేయాలి. వానాకాలంలో రోజూ చూడాల్సిన చోట్లలో అది మొదటిది కావాలి.

మామునూరులో ఇంకొకటి ఉంది. విస్తరణకు కొత్తగా 253 ఎకరాలు అవసరమని లెక్క కట్టారు. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి జనం తరతరాలుగా నడిచిన దారులు ఆ భూమిలో ఉన్నాయి. పొలానికి వెళ్లే బాట, బర్రెల్ని తోలే బాట. గోడ కట్టి బాట మూసేస్తే, రెండు కిలోమీటర్లు చుట్టూ తిరగాల్సిన మనిషి ఎక్కడో ఒకచోట గోడకు కన్నం పెడతాడు. వాడిది తప్పని కేసు పెట్టొచ్చు, కన్నం మాత్రం మళ్లీ పడుతుంది. గోడకంటే ముందు బయటి రోడ్డు వేయాలి. గోడ పక్క ఊళ్లో నలుగురు పెద్దమనుషుల దగ్గర కంట్రోల్ రూమ్ నంబరు ఉండాలి. కొత్త మొహం గోడ చుట్టూ తిరుగుతుంటే మన పెట్రోలింగ్ జీపుకంటే ముందు బర్రెలు కాసే ముసలామెకు కనిపిస్తుంది. భూమి పోయిన ఇళ్ల పిల్లలకు అక్కడ ఉద్యోగాలు ఇస్తే, ఆ గోడను వాళ్లే కాపాడతారని నా గట్టి నమ్మకం.

వాహనాల గురించి అడగలేదు గానీ చెప్తాను. 2007 జూన్ 30న గ్లాస్గో టెర్మినల్ తలుపుల మీదికి గ్యాస్ సిలిండర్లున్న జీపును తోలారు. ఆ తర్వాత లోకమంతా టెర్మినళ్ల ముందు గట్టి స్తంభాలు వెలిశాయి. అవి కావాలి. పైకి కిందికి లేచే బూమ్ బారియర్ లారీని ఆపదు, అది ఆగేవాణ్ని ఆపడానికే. కానీ స్తంభం కంటే ముందు రోడ్డు గీత గీసే దగ్గరే ఆలోచించాలి. మన కిలా వరంగల్‌కు ఒకసారి వెళ్లి రాతికోట ద్వారం చూడు. లోపలికి నేరుగా దారి లేదు. అడ్డంగా తిరిగి, మళ్లీ తిరిగి వెళ్లాలి. ఏనుగైనా గుర్రమైనా పరుగు తీసి తలుపును గుద్దలేదు. దాని బయట కందకం, దానికీ బయట మట్టికోట. కాకతీయులు ఏడువందల ఏళ్లకు ముందే వాడిన ఆ ఉపాయమే మామునూరు టెర్మినల్ ముందు రోడ్డుకు కావాలి. వాహనం వేగం అందుకునే తిన్నని దారి తలుపు ఎదురుగా ఉండకూడదు. భూమి ఖాళీగా ఉన్నప్పుడు దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు. కట్టాక మార్చాలంటే కోట్లు.

ముఖం గుర్తుపట్టే మెషీన్ల గురించి నీకు నేరుగా జవాబు. సిబ్బంది తలుపుల దగ్గర పెట్టు, మంచిదే. నేను పైన చెప్పిన బాబాయి కొడుకు మెషీన్ ముందు ఆగిపోయేవాడు. కానీ మెషీన్ లిస్టును మాత్రమే చదువుతుంది. మానేసినవాడి ముఖం లిస్టులో ఉన్నంతకాలం వాడికి వినయంగా తలుపు తీస్తుంది. కరెంటు పోయినప్పుడు తలుపు ఏం చేస్తుంది, సర్వర్ ఆగినప్పుడు గార్డు ఏం చేస్తాడు, దుమ్ము పట్టిన చేతులతో వచ్చే కూలీ వేలిముద్ర పడకపోతే ఎవరిని పిలుస్తారు, ఇవన్నీ కాగితం మీద ముందే రాసి పెట్టాలి. లేకపోతే మొదటి నెలలోనే “మెషీన్ పాడైంది, వెళ్లిపోండి” అనే గేటు ఒకటి తయారవుతుంది. ఊరంతటికీ ఆ గేటు తెలిసిపోతుంది.

డ్రోన్ల సంగతి క్లుప్తంగా. 2018 డిసెంబర్‌లో లండన్ పక్క గాట్విక్‌లో డ్రోన్లు కనిపించాయన్న మాటకే దాదాపు వెయ్యి విమానాలు ఆగాయి లేదా దారి మళ్లాయి. పెళ్లి ఫొటోలకు డ్రోన్ ఎగరేసే మన హన్మకొండ కుర్రాళ్లకు ముందే చెప్పి పెట్టాలి. అలాగే 1937 నాటి విమాన నియమాల్లో, ఎయిర్‌పోర్టుకు పది కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోసి వ్యర్థాలు బయట పడేయకూడదని ఉంది. ఆ వ్యర్థాలకు గద్దలు చేరి విమానాలకు తగలకూడదని పెట్టిన నియమం అది. కానీ ఆ చెత్త వేసే బండ్లు గోడ పక్కన ఆగడం భద్రతకూ మంచిది కాదు.

చివరగా గేటు మీద నిలబడే మనిషి. ఇప్పుడు కొన్ని గేట్లకు ప్రైవేటు గార్డులు వస్తున్నారు. పన్నెండు గంటల డ్యూటీ, రిలీవర్ రాకపోతే ఇరవై నాలుగు. మే నెలలో వరంగల్ ఎండ సంగతి నీకు తెలుసు. రేకుల డబ్బా లాంటి పోస్టులో, నీళ్లు లేక, మూత్రానికి వెళ్లాలంటే గేటు వదిలి వెళ్లాల్సి వచ్చే మనిషి దగ్గర జాగ్రత్త ఆశించడం అన్యాయం. నీ డ్రాయింగులో ప్రతి గేటు పోస్టుకూ నీడ, ఫ్యాను, తాగునీళ్లు, నడిచే దూరంలో బాత్రూమ్ ఉన్నాయో లేదో చూడు. లేకపోతే రాయించు. అరగంటకోసారి చేతులు మారే చోట తనిఖీ పదునుగా ఉంటుంది, ఎక్స్‌రే తెర ముందు అయితే ఇది మరీ నిజం.

మీ కంపెనీ ఎక్కడైనా టెండరు వేసే ముందు రెండు కాగితాలు అడిగి తీసుకో. ఒకటి, బయటి నుంచి ఎయిర్‌సైడ్‌కు ఉన్న ప్రతి దారి లిస్టు. తలుపులు, వాహనాల గేట్లు, ఫైర్ డోర్లు, సామాను బెల్టు రంధ్రాలు, తూములు, టెర్రస్ మెట్లు, అన్నీ. రెండు, ఒక్కో దారికి బాధ్యత ఎవరిదో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, హోదా రాసిన కాగితం. నేను చూసినంతలో మొదటి లిస్టు ఎప్పుడూ తక్కువే వస్తుంది. అది చేతిలో పట్టుకుని నువ్వే ఒక రోజంతా నడువు, లిస్టులో లేని తలుపు కనీసం ఒకటి దొరుకుతుంది. దొరికాక ఫొటో పెట్టకుండా ఆ తలుపు ఎలాంటిదో మాత్రం ఇక్కడ రాయి, ఏం చేయాలో కలిసి చూద్దాం.